ముందు కంటికి చిక్కాలి: డాబా మీది చిన్న టెలిస్కోపుతో గ్రహాలు చూడటం ఎలా

మా ఇంటికి టెలిస్కోపు వచ్చిన రాత్రి రెండు గంటలు డాబా మీద నిలబడ్డాను. చూసింది నల్లటి ఆకాశం ఒక్కటే. ఎదురుగా గురుడు ధగధగా వెలుగుతూనే ఉన్నాడు, గొట్టం అటే తిప్పాను, కన్ను ఆనించి చూసే చిన్న కటకం, అదే ఐపీసు, అందులో మాత్రం ఏమీ లేదు. పరికరం పాడైపోయిందనుకుని దిగొచ్చేశాను. నిజానికి దానికి ఏమీ కాలేదు. ఎక్కువ పెద్దది చేసి చూపించే ఐపీసు ముందు పెట్టేశాను, గురి చూసుకోవడానికి ఇచ్చిన ఫైండరు సంగతి అసలు పట్టించుకోలేదు. పని క్రమం తలకిందులైంది.

ఆ క్రమం ఇది: ముందు కంటితో గ్రహాన్ని గుర్తుపట్టాలి, తర్వాత ఫైండరులోకి తేవాలి, ఆ తర్వాత తక్కువ పవర్ ఐపీసులో, చివర్లో ఎక్కువ పవర్ ఐపీసులో చూడాలి. ఈ నాలుగు మెట్లలో ఒక్కటి దాటేసినా రాత్రంతా వెతుకుడే. ఇప్పుడు ఒక్కొక్కటిగా చెబుతాను. సొంతంగా నేర్చుకుంటే నాకు నెల పట్టింది, మీకు రెండు మూడు రాత్రులు చాలు.

పెట్టెలో ఉన్నవాటిలో ఏది వాడాలి

నా దగ్గరున్నది 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న రిఫ్రాక్టర్. మీది 114 లేదా 130 మిల్లీమీటర్ల అద్దంతో పనిచేసే న్యూటోనియన్ అయినా పద్ధతి మారదు. గొట్టం మీద ఒక స్టిక్కరు ఉంటుంది, అందులో ఈ రెండు అంకెలూ రాసి ఉంటాయి. నాభ్యంతరాన్ని ఐపీసు మీద ఉన్న అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో తెలుస్తుంది. 700ని 25తో భాగిస్తే 28 రెట్లు, 10తో భాగిస్తే 70 రెట్లు. అంటే ఐపీసు మీద అంకె చిన్నదయ్యేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు.

అట్టపెట్టె మీద 'ఐదు వందల రెట్లు', 'ఆరు వందల రెట్లు' అని రాసి ఉంటే దాన్ని వదిలేయండి. ఎంత మంచి రాత్రయినా కటకం వెడల్పుకు రెండింతలు దాటి పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుంది తప్ప కొత్తగా ఏమీ కనిపించదు. 70 మిల్లీమీటర్ల కటకానికి 140 రెట్లు హద్దు. చౌక సెట్లలో వచ్చే 4 మిల్లీమీటర్ల ఐపీసు, ఐపీసు పవర్‌ను ఇంకా పెంచే ప్లాస్టిక్ బార్లో కటకం ఈ హద్దును దాటించేవే. వాటిని పెట్టెలోనే ఉంచండి. మొదటి నెల అంతా 20 లేదా 25 మిల్లీమీటర్లది ఒకటి, 10 మిల్లీమీటర్లది ఒకటి, ఈ రెండే వాడండి.

పగలే చేయాల్సిన పని

ఫైండరు అంటే గొట్టం మీద కూర్చునే చిన్న దుర్భిణి, లేదా ఎర్ర చుక్కను చూపించే చిన్న అద్దం. పెద్ద గొట్టం ఎటు చూస్తోందో ఇదీ సరిగ్గా అటే చూడాలి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అలా ఉండదు, మనమే సరిచేసుకోవాలి. చీకట్లో ఈ పని చేయబోతే ఓపిక నశిస్తుంది, కాబట్టి పగలే చేసుకోండి.

సాయంత్రం ఐదు గంటలప్పుడు, ఎండ మీ వెనక ఉండేలా నిలబడి, కనీసం అర కిలోమీటరు దూరంలో కదలకుండా ఉండేదాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. గుడి గోపురం కలశమైనా, సెల్ టవర్ కొనైనా సరే. మా వీధికి సెల్ టవరే దిక్కు. 25 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టి గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతూ టవరు కొనను మధ్యకు తెచ్చుకోండి. మరలు బిగించండి. బిగించేటప్పుడు గొట్టం కొద్దిగా జరుగుతుంది, మళ్లీ చూసి సరిచేయండి. ఇప్పుడు గొట్టాన్ని ముట్టుకోకుండా, ఫైండరుకున్న చిన్న మరలను మాత్రమే తిప్పుతూ ఆ ఎర్ర చుక్కను లేదా అడ్డగీతల మధ్య బిందువును అదే టవరు కొన మీదకు తీసుకురండి. తర్వాత 10 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టి మళ్లీ ఒకసారి. ఈ రెండోసారి సరిచేయడాన్ని చాలామంది వదిలేస్తారు, రాత్రి పని తేలికయ్యేది దానివల్లే.

రిఫ్రాక్టరులో ఐపీసు దగ్గర వంపు ముక్క ఉంటుంది కదా, స్టార్ డయాగనల్ అంటారు. అది ఉంటే టవరు నిటారుగానే కనిపిస్తుంది కానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. న్యూటోనియన్‌లో టవరు తలకిందులుగా కనిపిస్తుంది. రెండూ మామూలే. పగలు ఓ పావుగంట దానితో అటూ ఇటూ తిప్పి చూస్తే ఎటు నెడితే బొమ్మ ఎటు పోతుందో చేతికి అలవాటవుతుంది.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. టెలిస్కోపును గానీ ఫైండరును గానీ సూర్యుడి వైపు తిప్పి ఎవరూ చూడకూడదు. క్షణంలో కన్ను పోతుంది, అదీ నొప్పి తెలియకుండా. కొన్ని చౌక సెట్లలో ఐపీసుకు బిగించే 'సన్ ఫిల్టర్' అని నల్ల గాజుముక్క ఇస్తారు. ఆ వేడికి అది పగిలిపోతుంది. దాన్ని తీసి చెత్తబుట్టలో పడేయండి. పని అయ్యాక కటకానికి మూత పెట్టేయండి, పగలు గొట్టాన్ని డాబా మీద వదిలేయకండి.

గ్రహం ఎక్కడుంటుందో గోడ మీది క్యాలెండరే చెబుతుంది

గ్రహాలు ఆకాశంలో ఎక్కడపడితే అక్కడ ఉండవు. సూర్యుడూ చంద్రుడూ నడిచే దారినే అవీ నడుస్తాయి. తూర్పున పుట్టి, నెత్తి మీదుగా, పడమటికి పోయే ఆ పట్టీలోనే వెతకాలి. ఉత్తరాన ధ్రువనక్షత్రం దగ్గర ఎంత పెద్ద చుక్క కనిపించినా అది గ్రహం కాదు. మన తెలుగు నేల మీద ఈ దారి బాగా ఎత్తుగా పోతుంది. దక్షిణాన సగం ఎత్తు నుంచి నడినెత్తి దాకా, ఒక్కోసారి నెత్తి దాటి కాస్త ఉత్తరానికి కూడా. లండన్‌లో ఉన్న మనవాళ్లకు కొన్నేళ్లు గ్రహాలు ఇళ్ల కప్పుల మీదుగా పాకుతున్నట్టు ఉంటాయి, మురికి గాలి పొరల్లోంచి చూడాలి. ఆ ఇబ్బంది మనకు లేదు.

ఆ దారిలో ఎక్కడ అన్నది పంచాంగం చెబుతుంది. ఏ గ్రహం ఏ రాశిలో ఉందో ప్రతి తెలుగు క్యాలెండరులోనూ ఉంటుంది. ఫలితాల సంగతి నాకు అనవసరం, స్థానం మాత్రం లెక్క కట్టి వేసిందే. పంచాంగంలోని రాశి సమాన భాగాలుగా కోసింది, ఆకాశంలోని నక్షత్ర మండలం సమానంగా ఉండదు, అందుకని కాస్త అటూ ఇటూ అవుతుంది. వెతకడానికి ఆ తేడా అడ్డం కాదు.

మన పుష్కరాలన్నీ గురుగ్రహం నడకే. సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు, మిథునంలోకి వస్తే సరస్వతికి. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది, అంటే ఏడాదికి ఒక రాశి. అందుకే గోదావరి పుష్కరాలు 2003లో, 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి. అప్పుడు రాజమహేంద్రవరం వెళ్లేవాళ్లు, మబ్బు అడ్డం లేకపోతే, పొద్దుగూకాక పడమటి వైపు ఒకసారి చూడండి. ఆ పుష్కరాలను తెచ్చినవాడు అక్కడే ఉంటాడు. శని అలాగే రాశికి సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు, మూడు రాశులకు కలిపి ఏడున్నరేళ్లు. ఏలినాటి శని అనే మాట వెనక ఉన్న లెక్క ఇదే. చుట్టూ తిరిగి రావడానికి అతనికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు.

ఫోనులో స్టెల్లారియం లాంటి యాప్ ఉంటే ఇంకా సుళువు. ఊరు పేరు పెట్టండి, రాత్రి ఎనిమిది గంటలకు ఆకాశం ఎలా ఉంటుందో చూపిస్తుంది. ఫోను ఎత్తి పట్టుకుంటే ఒక్కోసారి దిక్కు తప్పు చూపిస్తుంది. ఇనుప రైలింగు పక్కన నిలబడితే మరీను. కాస్త పక్కకు జరిగి, ఫోనును గాల్లో ఎనిమిది అంకె గీసినట్టు తిప్పితే సర్దుకుంటుంది. దూరాన్ని కొలవడానికి మీ చెయ్యి చాలు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు పది డిగ్రీలు, చిటికెన వేలు వెడల్పు ఒక డిగ్రీ.

యాప్ మూసేసి కంటితో నిర్ధారించుకోండి. నక్షత్రం మిణుకుమిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది. నక్షత్రం ఎంతో దూరంలో ఉన్న చుక్క, దాని సన్నని వెలుగును గాలి ఇట్టే కదిలిస్తుంది. గ్రహానికి చిన్నదే అయినా బిళ్ల ఆకారం ఉంది కాబట్టి ఆ కదలిక కలిసిపోతుంది. ఇళ్ల కప్పుల దగ్గర, బాగా కిందుగా ఉన్నప్పుడు మాత్రం గ్రహం కూడా మిణుకుమంటుంది. రంగు కూడా సాయం చేస్తుంది: శుక్రుడు తెల్లగా కళ్లు చెదిరేలా, గురుడు పాలమీగడ రంగులో, కుజుడు నిప్పుకణికలా, శని లేత పసుపులో ఉంటారు. కుజుడిని జ్యేష్ఠ నక్షత్రంతోనూ, రోహిణితోనూ పొరబడటం సహజం, ఆ రెండూ ఎరుపే, ఆ రెండూ ఇదే దారి పక్కన ఉన్నాయి. మిణుకు చూసి విడదీయండి.

డాబా మీద ఏర్పాట్లు

వీధి లైట్లున్నాయని బెంగ వద్దు. పాలపుంతకూ, మసక మసక నక్షత్ర గుంపులకూ పల్లె చీకటి కావాలి గానీ గ్రహాలకు అక్కర్లేదు. అమీర్‌పేటలో మేడ మీద నుంచైనా, బెజవాడ బెంజి సర్కిల్ పక్కనుంచైనా శని ఉంగరం కనిపిస్తుంది. నేరుగా కంట్లో పడే లైటు ఉంటే నీళ్ల ట్యాంకు చాటుకు జరగండి, అంతే.

గ్రహాలకు అసలు శత్రువు వేడి. పగలంతా ఎండలో కాలిన శ్లాబు రాత్రి పదింటిదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి కటకం ముందు నుంచి లేచి, బొమ్మను ఏటి అడుగున ఉన్న రాయిలా కదిలిస్తుంది. పెరడు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, మట్టి నేల, గడ్డి తొందరగా చల్లబడతాయి. డాబాయే గతి అయితే, ఎండాకాలం పడుకోవడానికి ముందు చల్లినట్టే సాయంత్రం ఆరింటికి నాలుగు బకెట్ల నీళ్లు చల్లి వదిలేయండి. నేనలా చేసిన రాత్రులకూ చేయని రాత్రులకూ తేడా కనిపించింది. పక్కింటి ఏసీ వేడి గాలి వదిలే వైపు పెట్టకండి. గొట్టాన్ని చూడబోయే అరగంట ముందే బయట పెట్టండి, లోపలి గాలీ బయటి గాలీ ఒకే చల్లదనానికి రావాలి. నన్నడిగితే ఏడాదిలో అన్నిటికంటే మంచి రాత్రులు వానలు వెనకబట్టాక, అక్టోబరు నవంబరు నెలల్లో వస్తాయి. గాలి కడిగినట్టు ఉంటుంది. తెల్లవారుజాము నాలుగింటికి లేవగలిగితే ఏ కాలంలోనైనా శ్లాబు చల్లగా ఉంటుంది.

ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా సాగదీయకండి, పొట్టిగా ఉంచి కుర్చీలో కూర్చుని చూడండి. మూడు కాళ్ల మధ్యలో ఉన్న పళ్లేనికి రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి వేలాడదీస్తే వణుకు సగం తగ్గుతుంది. మీరు చూస్తున్నంతసేపు శ్లాబు మీద ఎవరూ నడవకూడదు. పిల్లలు పరిగెడితే గురుడు గంతులేస్తాడు. దోమలకు నిండు చేతుల చొక్కా వేసుకోండి, క్రీము రాసుకుంటే ఆ చేతులతో ఐపీసు గాజును ముట్టుకోకండి.

గ్రహం ఎంత పైకి వస్తే అంత మంచిదే కానీ నడినెత్తికి వచ్చిందంటే చిన్న రిఫ్రాక్టరు వెనక భాగం ట్రైపాడ్ కాలికి తగులుతుంది, కింద దూరి మెడ విరుచుకుని చూడాలి. ఆకాశపు అంచు నుంచి నాలుగు పిడికిళ్ల ఎత్తుకూ ఏడు పిడికిళ్ల ఎత్తుకూ మధ్య ఉన్నప్పుడు చూడటం హాయి.

పట్టుకోవడం

మొదటి రాత్రి చంద్రుడితో మొదలుపెట్టండి. ఎలాగూ దొరుకుతాడు, ఫోకస్ ఎలా కుదురుతుందో చేతికి తెలుస్తుంది. గోతులు పదునుగా కనిపించేవరకు నాబ్ తిప్పి, అక్కడ ఆపేసి, గొట్టాన్ని గ్రహం వైపు తిప్పండి. ఫోకస్ దాదాపు సరిపోయి ఉంటుంది. ఇది చిన్న సంగతిలా ఉంది గానీ, ఫోకస్ బాగా తప్పి ఉంటే గ్రహం మసక వలయంలా పరుచుకుని, కళ్లెదుటే ఉన్నా కనిపించదు.

గొట్టం మరలు వదులు చేసి, ముందుగా గొట్టం పక్క నుంచి తుపాకీ గురి చూసినట్టు గ్రహం వైపు పెట్టండి. తర్వాత ఫైండరులో చూడండి. ఎర్ర చుక్క ఫైండరైతే రెండు కళ్లూ తెరిచే చూడాలి, ఒక కంటికి ఆకాశం, ఇంకో కంటికి చుక్క, రెండూ కలిసిపోతాయి. చుక్క గ్రహం మీద కూర్చోగానే మరలు బిగించి 25 మిల్లీమీటర్ల ఐపీసులో చూడండి. పగలు పని సరిగ్గా చేసి ఉంటే గ్రహం అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. లేకపోతే ఐపీసులోంచి చూస్తూ గాలించకండి, కన్ను తీసి మళ్లీ ఫైండరుకే వెళ్లండి. అలా గాలిస్తేనే నా మొదటి రాత్రి పోయింది.

దొరికాక మధ్యకు తెచ్చి ఒక నిమిషం చూడండి. అది ఒక పక్కకు జరిగిపోతూ ఉంటుంది. గ్రహం పరిగెత్తడం లేదు, మన భూమి తిరుగుతోంది, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున. 28 రెట్ల దగ్గర ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆరేడు నిమిషాలు పడుతుంది, 70 రెట్ల దగ్గర మూడు నిమిషాలు కూడా పట్టదు. అందుకే ఐపీసు మార్చే ముందు గ్రహాన్ని సరిగ్గా మధ్యకు కాకుండా, అది వస్తున్న వైపు అంచుకు కాస్త దగ్గరగా పెట్టండి. మీరు ఐపీసు మార్చి, ఫోకస్ సరిచేసి, వణుకు ఆగేసరికి అదే మధ్యకు వస్తుంది. అప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని చూడండి. గొట్టాన్ని పట్టుకుని చూస్తే మీ నాడి కూడా బొమ్మలో కొట్టుకుంటుంది.

తర్వాతది ఓపిక. మొదటి చూపుకు కనిపించేది తెల్లటి బిళ్ల మాత్రమే. చాలామంది 'ఇంతేనా' అని కన్ను తీసేస్తారు. ఐదు నిమిషాలు వదలకుండా చూడండి. గాలి క్షణం పాటు నిలకడగా ఆగే ఘడియలు మధ్యమధ్యలో వస్తాయి. ఆ క్షణంలో బిళ్ల అంచు గీత గీసినట్టు అవుతుంది, చారలు తేలతాయి, మళ్లీ కరిగిపోతాయి. గ్రహాలు చూసేవాళ్లంతా ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.

ఏది ఎలా కనిపిస్తుంది

గురుడితో మొదలుపెట్టండి. 28 రెట్ల దగ్గరే చిన్న బిళ్ల, దానికి రెండు పక్కలా ఒకే గీత మీద పేర్చినట్టు చుక్కలు కనిపిస్తాయి. అవి అతని నాలుగు పెద్ద చందమామలు: ఐయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. గెలీలియో 1610 జనవరి 7న మూడింటిని చూసి నక్షత్రాలనుకున్నాడు, తర్వాతి రాత్రుల్లో అవి స్థానాలు మారడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం మీకూ దొరుకుతుంది. ఐయో ఒక చుట్టు తిరగడానికి ఒకటిముప్పావు రోజు చాలు, రెండు గంటల తేడాతో రెండు బొమ్మలు గీసి పోల్చండి, జరిగినట్టు తెలుస్తుంది. ఒక రాత్రి మూడే కనిపిస్తే కంగారు వద్దు, నాలుగోది గురుడి వెనకో ముందో నీడలోనో ఉంది.

70 రెట్లకు వెళితే బిళ్లకు అడ్డంగా రెండు గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఆ బిళ్ల, మామూలు కంటికి కనిపించే పౌర్ణమి చంద్రుడి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. లెక్క ప్రకారం అంతే, కానీ చుట్టూ నల్లగా ఉండటంతో చిన్నదిగా తోస్తుంది. వెలుగు మరీ ఎక్కువై చారలు కనిపించకపోతే పూర్తిగా చీకటి పడక ముందే, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడు చూడండి. నాకు చారలు మొదట కనిపించింది అలాంటి సంధ్యవేళే. పెద్ద ఎర్రమచ్చ మాత్రం 70 మిల్లీమీటర్లకు కష్టం, దానికోసం కళ్లు నొప్పి పెట్టుకోకండి.

శని. ఇతన్ని చూడటానికే టెలిస్కోపు కొన్నా డబ్బు దండగ కాదు. 28 రెట్ల దగ్గర కోలగా ఉన్న చుక్క, 70 దగ్గర చుట్టూ ఉంగరంతో చిన్న ముత్యం. 2025 మార్చిలో ఆ ఉంగరం మనకు సరిగ్గా అంచు తిప్పింది, పలచటి గీతలా అయిపోయింది. అప్పటినుంచి ఏటా కొంచెం కొంచెం తెరుచుకుంటోంది, 2032 ప్రాంతానికి పూర్తిగా విచ్చుకుంటుంది. కాబట్టి ఈ ఏడాది సన్నగా కనిపించిందని నిరాశ పడకండి, వచ్చే ఏడాది చూసి పోల్చుకోండి. ఉంగరం అంచు తిరగడం గెలీలియోనూ తికమకపెట్టింది. 1610లో శని పక్కన రెండు ఉండల్లాంటివి చూశాడు, 1612లో అవి మాయమయ్యాయి. అది ఉంగరమని తేల్చింది ఆ తర్వాత నలభై ఏళ్లు దాటాక వచ్చిన హైగెన్స్. పక్కన కాస్త దూరంగా ఒక మసక చుక్క కనిపిస్తే అది టైటాన్ కావచ్చు, శని చుట్టూ పదహారు రోజులకోసారి తిరిగొస్తుంది.

శుక్రుడు, మన వేగుచుక్క, దొరకడం అన్నిటికంటే తేలిక. సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి దూరం పోడు, అందుకే సాయంత్రం పడమట లేదా తెల్లవారుజామున తూర్పున మాత్రమే ఉంటాడు. అర్ధరాత్రి నెత్తి మీద వెలిగేది ఎప్పుడూ శుక్రుడు కాదు. అతనికి చంద్రుడిలాగే కళలు ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు చిన్నగా, నెలవంకలా సన్నబడినప్పుడు పెద్దగా కనిపిస్తాడు, ఎందుకంటే సన్నబడేది మనకు దగ్గరగా వచ్చినప్పుడే. సూర్యుడు పూర్తిగా దిగిపోయాక, ఆకాశంలో ఇంకా వెలుగు ఉండగానే చూడండి. బాగా చీకటి పడితే కళ ఆకారం కనపడనంతగా మెరుస్తాడు.

శుక్రుడి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇంటి ఆవరణలో టెలిస్కోపు పెట్టుకుని గ్రహాలు చూడటం తెలుగువాళ్లకు కొత్త కాదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించి, ఆ లెక్కలను లండన్ ఖగోళ సంఘానికి పంపారు. డాబాగార్డెన్స్ మీదుగా వెళ్లే విశాఖవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరున్నారో!

కుజుడు సుమారు ఇరవై ఆరు నెలలకోసారి దగ్గరికి వస్తాడు, మిగతా కాలమంతా నారింజ రంగు చుక్కే. దగ్గరికి వచ్చినప్పుడు కూడా గురుడి బిళ్లలో మూడో వంతు నుంచి సగం దాకానే ఉంటాడు, 100 రెట్లు పైగా పెట్టాల్సిన గ్రహం ఇతనొక్కడే. బుధుడిని కంటితో పట్టుకోవడమే ఘనత, ఐపీసులో పెద్దగా ఏమీ కనిపించదు. సూర్యుడు మునిగాడని ఖాయం చేసుకున్నాకే గొట్టం అటు తిప్పండి, తెల్లవారుజామునైతే సూర్యోదయానికి చాలా ముందే ఆపేయండి. యురేనస్ రెండో ఏడాది పని. 2026లో అది పిల్లలకోడి, అదే కృత్తికల గుంపు, దానికి దగ్గర్లో ఉంది, యాప్ సాయంతో వెతికితే లేత నీలిపచ్చ చుక్కలా దొరుకుతుంది. 1781 మార్చి 13న విలియం హెర్షెల్ దాన్ని కనిపెట్టింది ఇంగ్లండులోని బాత్ పట్నంలో, తన ఇంటి పెరట్లో, సొంతంగా చేసుకున్న ఆరంగుళాల టెలిస్కోపుతో.

ఎప్పుడు చూడాలో ఒక్క మాటలో గుర్తు పెట్టుకోవచ్చు: సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు. అప్పుడు గ్రహం పొద్దుగూకగానే తూర్పున పుడుతుంది, రాత్రంతా ఉంటుంది, భూమికి దగ్గరగా కూడా ఉంటుంది. శని 2026 అక్టోబరు 4న, గురుడు 2027 ఫిబ్రవరి రెండో వారంలో, కుజుడు 2027 ఫిబ్రవరి 19న ఆ స్థానానికి వస్తారు. ఆ తేదీ తర్వాత రెండు మూడు నెలల పాటు సాయంత్రం వేళల్లో హాయిగా చూసుకోవచ్చు. 2027 ఫిబ్రవరిలో గురుడూ కుజుడూ ఇద్దరూ మఖ నక్షత్రం పరిసరాల్లోనే ఉంటారు, ఆ నెల రాత్రులు పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఇచ్చేయకండి.

రాసుకోవడం, చూపించడం

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, సమయం, ఏ ఐపీసు, గాలి ఎలా ఉంది, ఒక గుండ్రని గీతలో చిన్న బొమ్మ. నా పుస్తకంలో మొదటి పేజీ గురుడి బొమ్మ, ఎడమవైపు మూడు చుక్కలు, కుడివైపు ఒకటి. మర్నాటి పేజీలో రెండూ రెండూ. ఫోనుతో ఫోటో తీయాలంటే ఐపీసు మీద కెమెరా ఆనించి, తెర మీద గ్రహాన్ని నొక్కి వెలుగు బాగా తగ్గించండి, లేకపోతే తెల్లటి ముద్దే పడుతుంది.

ఇంట్లోవాళ్లకు చూపించేటప్పుడు ముందే చెప్పండి: గొట్టం పట్టుకోవద్దు, కన్ను మాత్రం దగ్గరికి తీసుకురావాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు తీసేసి ఫోకస్ తిప్పుకోవచ్చు. గ్రహాన్ని అంచు దగ్గర పెట్టి పిలిస్తే వాళ్లు కూర్చుని సర్దుకునేలోగా అది మధ్యకు వస్తుంది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి శనిని చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇది బొమ్మ అతికించావేంట్రా లోపల?" అంది. లేదమ్మా, చూడు, అన్నాను. మళ్లీ వంగింది. ఈసారి చాలాసేపు చూసింది.

"ఒరేయ్, జరిగిపోతున్నాడు. పట్టుకో, పట్టుకో."